కొబ్బరిపాల బిస్కెట్లు

ఆదిలక్ష్మిగారు మర్యాద తెలిసిన మనిషి. ఈ మాట ఆవిడంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకుంటారు. కోనసీమలో మర్యాదకి కరువేమీ లేదు, కాలవలు కట్టేసిన రోజుల్లో కూడా అది పారుతూనే ఉంటుంది. అలాంటి సీమలో కూడా ఆవిడ మర్యాద గురించి నలుగురూ విడిగా చెప్పుకునేవారంటే ఎంతటిదో మీరే ఊహించుకోండి. తన చేలో నాట్లు వేసిన సుందరమ్మని "ఒసే సుందరీ" అని పిలిచిన నోటితోనే, ఆ సుందరమ్మ కూతురు జయమ్మ చదువుకుని అమలాపురంలో హైస్కూలు టీచరయ్యాక "టీచరుగారండీ" అని పిలిచింది. ఊరొచ్చినప్పుడు అరుగు మీద కుర్చీ కూడా వేయించేది.

కుర్చీ వేయించేది గానీ మంచినీళ్ళు ఇప్పించేది కాదు. కొబ్బరిబొండం కొట్టించేది. బొండానికి గ్లాసుతో పని లేదు కదా. ఈ సంగతి జయమ్మకి చాలా ఏళ్ళు తట్టలేదు. తట్టాక కూడా, పాపం, ఎండన పడి వచ్చానని బొండం కొట్టించారు అనుకుంది. మనిషికి ఒకటి నమ్మాలని ఉంటే దానికి సాక్ష్యాలు ఎక్కడైనా దొరుకుతాయి.

జయమ్మకి ఆ ఇంటి నుంచి కావలసింది ఒక్కటే. పొలం కాదు, పుట్ర కాదు, వాళ్ళమ్మ పడ్డదానికి క్షమాపణ కూడా కాదు. తన చేత్తో చేసినది ఏదైనా సరే, చిటికెడు, ఆదిలక్ష్మిగారు తన ఎదురుగా నోట్లో వేసుకోవాలి. సుందరమ్మ పోయే ముందు కూడా "ఆరి పెరట్లో నా బతుకంతా దంచిన ధాన్యమే గానీ, నేను వండిన మెతుకు ఆరింట్లో ఎవరూ తిన్లేదే" అని నవ్వింది. ఆవిడ నవ్వేసి వెళ్ళిపోయింది. కూతురికి ఆ నవ్వు ముల్లులా దిగబడిపోయింది.

క్రిస్మస్ ముందు రోజుల్లో అమలాపురం బేకరీల దగ్గర సందడి చూసి తీరాలి. ఇళ్ళల్లో పొయ్యిల మీద బిస్కెట్లు కాలవు కాబట్టి, ఆడవాళ్ళు మైదా, పంచదార, డాల్డా, గుడ్లు మూటగట్టుకుని బేకరీకి వెళ్తారు. అక్కడే బల్ల మీద పిండి కలుపుకుని, అచ్చులు కొట్టుకుని, రొట్టెలు దిగిన వేడి పొయ్యిలో తమ వంతు వచ్చేదాకా కబుర్లు చెప్పుకుంటూ కూర్చుంటారు. డబ్బాల నిండా పోసుకుని ఇంటికొచ్చాక ఇరుగూ పొరుగూ అందరికీ పళ్ళాలు వెళ్తాయి. జయమ్మ పళ్ళెం మాత్రం బస్సెక్కి ఊళ్ళో ఆదిలక్ష్మిగారి అరుగు దాకా వెళ్ళేది.

మొదటి ఏడు ఆవిడ ఎంతో నొచ్చుకుంది. "మావారు పోయిన దగ్గర్నుంచీ నీచు మానేశానండీ టీచరుగారూ. ఇందులో గుడ్డేసుంటారు కదండీ? ఏమీ అనుకోకండేం."

మరుసటి ఏడు జయమ్మ గుడ్డు మానేసింది. "అయ్యో, డాల్డా అండీ? అందులో ఏవేవో కొవ్వులు కలుపుతున్నారటండీ. పేపర్లో కూడా వేసేరట."

ఆపై ఏడు డాల్డా మానేసి, పూస కట్టిన ఆవునెయ్యి, చిక్కటి పాలు పోసి చేసింది. "శనివారాలు నోము పట్టేనండీ. బయటిపాలు, నెయ్యి ముట్టుకోకూడదని చెప్పేరు పంతులుగారు. మీరింత అభిమానంగా తెస్తే కాదనడం నాకెంత కష్టంగా ఉందో ఆ దేవుడికే తెలుసండీ."

వెళ్ళిన పళ్ళెం వెళ్ళినట్టే తిరిగొచ్చేది. కాదు, మర్యాద తెలిసిన మనిషి కదా, పైన ఒక అరటిపళ్ళ అత్తం పెట్టి మరీ పంపేది.

"పొమ్మనలేక పొగబెడుతోందావిడ" అన్నాడు జయమ్మ భర్త జ్ఞానప్రకాశం. ఆయన కాలవల శాఖలో గుమాస్తా, మాట తక్కువ, ఉన్న ఆ కాస్తా కారం. "నీకు ఆ పొగ కూడా సాంబ్రాణిలా ఉంది. పీల్చుకో."

"గుడ్డు తినకపోవడం ఆవిడ నియమం. నియమాన్ని తప్పుపట్టకూడదు" అంది జయమ్మ. పిల్లలకి లెక్కలు చెప్పే టీచరు. అడ్డంకులు ఒక్కోటీ తీసేస్తూ పోతే చివరికి దారి మిగులుతుందని ఆవిడ లెక్క. లెక్క తప్పు కాదు, తీసేయాల్సినదేమిటో తెలియకపోతే ఏ లెక్కైనా అంతే.

తొంభై ఆరు నవంబరులో తుఫాను వచ్చింది. వచ్చిందంటే చాలదు. తెల్లారేసరికి తలెత్తి చూసే కొబ్బరితోటలన్నీ తలదువ్వినట్టు ఒకే వైపుకి పడుకుని ఉన్నాయి. ఊరి చివర కూలీల పేటలో గుడిసెలు ఉన్న చోట బురద మిగిలింది. పేటవాళ్ళంతా కాలవగట్టు మీదికి చేరి టార్పాలిన్ పట్టాలు కప్పుకున్నారు. తుఫానుకి కామందులూ కూలీలూ తెలియదు కాబట్టి ఆదిలక్ష్మిగారి పెంకుటిల్లు కూడా ఒక పక్కకి ఒరిగి, కప్పు కూలి, గాదె తడిసి, ఆ కుటుంబం ఎలిమెంటరీ స్కూలు వరండాలో తాటాకు దడి కట్టుకుని ఉండాల్సి వచ్చింది. లారీ మీద పులిహోర పొట్లాలు వస్తే ఆవిడ కొడుకు వెళ్ళి వరసలో నిలబడేవాడట. ఆ మాట విని జయమ్మ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. కానీ ఆ ఏడుపు అడుగున ఎక్కడో ఒక సంతోషం కూడా కదిలింది. దాన్ని ఆవిడ ప్రార్థనలో కూడా పైకి రానివ్వలేదు. ఈ ఏడు తింటుంది. ఈ ఏడు కాదనలేదు.

అమలాపురం చర్చిలో ఆడవాళ్ళ సమాజానికి పెద్ద జయమ్మే. ఆ ఏడు పండగ ఆర్భాటం మానేసి తుఫాను బాధితులకి బిస్కెట్లు పంచుదామని అనుకున్నారు. పాలు దొరకవు, గేదెలు కొట్టుకుపోయాయి. గుడ్లు దొరకవు, కోళ్ళు ముందే పోయాయి. దొరికేదల్లా కొబ్బరికాయ. నేల కూలిన చెట్ల కాయలు ఎక్కడ చూసినా గుట్టలు గుట్టలు.

"గుడ్డూ పాలూ నెయ్యీ డాల్డా ఏదీ లేకుండా కొబ్బరితోనే చేద్దాం" అంది జయమ్మ. "అప్పుడు ఏ ఇంటివాళ్ళూ కాదనరు. ముందు మా ఊళ్ళో పెద్దవీధివాళ్ళకి ఇద్దాం. వాళ్ళు చెయ్యి చాపి అడగలేరు, పాపం."

"మరి పేటవాళ్ళకోనండీ?" అని ఎవరో అడిగారు.

"వాళ్ళకి దుప్పట్లు వెళ్తున్నాయి కదా. అయినా మనవాళ్ళకేముందండీ, ఏది పెట్టినా తింటారు. వాళ్ళవి తరవాత మామూలుగా చేయిద్దాం."

అన్నది ఆ పేటలో పుట్టిన మనిషే కాబట్టి కాదనడానికి ఎవరికీ నోరు రాలేదు.

కొబ్బరికాయల కోసం జయమ్మ ఆదిలక్ష్మిగారికే కబురు చేసింది. ఆవిడ తోట మొత్తం నేల మీదే ఉంది. "తుఫాను బాధితులకా అండీ? పట్టుకెళ్ళమనండీ, అంతకంటే పుణ్యమేముంది" అని బస్తా నింపి, బస్సు మీద వేయించి పంపింది. తన కాయలు తిరిగి తన దగ్గరికే బిస్కెట్లుగా వస్తాయని ఆవిడకి తెలియదు. ఆ ఉపాయం తలుచుకుని జయమ్మ తనలో తనే మురిసిపోయింది.

బేకరీ బుల్లిరాజు ఈవిడ తెచ్చిన సరుకు చూసి నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "గుడ్డు లేదు, పాలు లేవు, డాల్డా లేదు. బిస్కెట్టెందుకండీ టీచరుగారూ, కాలవగట్టు మీద మట్టి తెచ్చుకోండి, పెంకులు కాల్చుకుందాం."

మొదటి రేకు అతనన్నట్టే అయింది. కొబ్బరినూనె కరిగి, పిండి జారి, అచ్చులన్నీ ఒకదాన్నొకటి కౌగిలించుకుని అట్టు కట్టాయి. రెండోసారి పిండి ఎక్కువేస్తే పంటికి గోడ తగిలినట్టుంది. బుల్లిరాజు నవ్వాడు గానీ అతనికీ పంతం పట్టుకుంది. నూనె కరిగించకుండా, పొద్దున్న చలికి గిన్నెలో పేరుకున్నది పేరుకున్నట్టే తెమ్మన్నాడు. జయమ్మ తెల్లారగట్లే లేచి కొబ్బరి కోరి, గుడ్డలో పిండి, మొదటి పాలు మాత్రం తీసింది. మైదాలో దోరగా వేయించిన బియ్యప్పిండి కలిపి, బెల్లం పొడి, ఏలకులు, సోడా, దాని మీద నాలుగు చుక్కలు నిమ్మరసం. పేరుకున్న నూనె వేళ్ళతో పిండిలోకి నలిపి, పాలు చిలకరించి ముద్ద చేసింది. ఒక్కో బిల్ల మీదా కొబ్బరి ఈనెలు అద్ది, మట్టలా చారలు దించింది. ఈసారి రేకు బయటికి లాగితే బేకరీ వాసనంతా పోయి కొబ్బరి వాసన వేసింది. బుల్లిరాజు ఒకటి కొరికి, కాసేపు నమిలి, "ఆయ్! ఇవి నా పేరు పెట్టి అమ్ముకుంటానండీ టీచరుగారూ" అన్నాడు.

అరచేతులు కొబ్బరి కోరాముకి తెగి మండుతున్నాయి. జయమ్మకి ఆ మంట కూడా బాగుంది. పెద్దవీధికి సరిపడా అయ్యేసరికి బేకరీలో కేకుల ఆర్డర్లు మొదలయ్యాయి. "ఇంక పొయ్యి ఖాళీ లేదండీ, పండగ వెళ్ళాక చూద్దాం" అన్నాడు బుల్లిరాజు. పేటవాళ్ళ బిస్కెట్లు అలా పండగ తరవాతకి వెళ్ళాయి. ఇంటికొచ్చి ఆ మాట చెబితే జ్ఞానప్రకాశం పేపరు దించకుండానే, "తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి కోక పెడతానన్నాడట" అన్నాడు.

"పేటలో ఉన్న మా పిన్ని ఎక్కడికి పోతుందండీ? తనకి ఎప్పుడైనా ఇవ్వొచ్చు" అంది జయమ్మ.

పండగ ముందు రోజు ఊరెళ్ళి, పెద్దవీధిలో పడిపోయిన ఇళ్ళవాళ్ళకి పొట్లాలు పంచి, అన్నిటికంటే పెద్ద డబ్బా పట్టుకుని స్కూలు వరండాకి వెళ్ళింది. ఆదిలక్ష్మిగారు ఎంత చిక్కిపోయిందో. నేత చీర కొంగు చిరిగి ఉంది. అయినా లేచి నిలబడింది. "టీచరుగారికి కుర్చీ వెయ్యండ్రా" అంది. ఉన్న ఒక్క కుర్చీలోంచి తనే లేచింది కాబట్టి వెయ్యడానికి ఇంకోటి లేదు. చివరికి జయమ్మని బలవంతంగా అందులో కూర్చోబెట్టి తను వరండా గట్టు మీద కూర్చుంది.

జయమ్మ డబ్బా మూత తీసి గడగడా చెప్పేసింది. "గుడ్డు లేదండీ. పాలు, నెయ్యి లేవండీ. డాల్డా చుక్క లేదండీ. కొబ్బరి మీ తోటదేనండీ, మీరు పంపిన కాయలే. స్నానం చేసి, మడిగా చేశానండీ."

ఇంక అందులో పరాయిదంటూ ఏమీ మిగలలేదు, చేసిన చేతులు తప్ప.

"అయ్యబాబోయ్, ఎంత శ్రమపడ్డారండీ!" ఆదిలక్ష్మిగారు డబ్బా రెండు చేతులా అందుకుంది. అన్నేళ్ళలో అందుకోవడం అదే మొదటిసారి. ఒక బిస్కెట్టు తీసి వెలుగుకి పట్టి చూసింది. "మట్ట వేసినట్టే వేసేరు, ఎంత ముచ్చటగా ఉందండీ." వాసన చూసింది. "ఆహా!" ఆవిడ ఆ బిస్కెట్టుని మళ్ళీ డబ్బాలో పెట్టి మూత బిగించింది.

"ఒక్కటి రుచి చూడండి" అంది జయమ్మ.

"చూడకుండా ఉంటానా అండీ! ఇందాకే లారీ వచ్చిందండీ, పులిహోర తిని కడుపు బండలా ఉంది. సాయంత్రం దీపం పెట్టుకుని తింటానండీ. రేప్పొద్దుటికి ఒక్కటి మిగిలితే నన్నడగండి."

పక్కన విప్పిన పొట్లం ఉంది. సగం తిన్న పులిహోర, చింతపండు జిడ్డు అంటిన కాగితం. ఎక్కడ వండారో, ఎవరు వండారో, ఏ చేతులు పొట్లం కట్టాయో ఆ లారీవాడికే తెలియదు. ఎవరు చేశారో తెలియని అన్నం గొంతు దిగింది. జయమ్మకి ఆ క్షణంలో అన్నీ అర్థమయ్యేవే. కానీ అర్థం చేసుకోకూడదని ఆవిడ గట్టిగా అనుకుంది. డబ్బా అందుకుంది కదా. వాసన చూసింది కదా. కడుపు నిండితే మాత్రం ఎవరు తింటారు? బస్సులో కిటికీ పక్కన కూర్చుని అమలాపురం దాకా ఈ మాటలే తిప్పి తిప్పి అనుకుంది. ఇంటికెళ్ళి, "తీసుకున్నారండీ!" అంది భర్తతో. జ్ఞానప్రకాశం ఈసారి పేపరు దించి చూశాడు.

పండగనాడు ఆరాధన అయ్యాక, పిన్నిని చూసొస్తానని జయమ్మ మళ్ళీ ఊరు బయల్దేరింది. పిన్ని పేరు మరిడమ్మ, సుందరమ్మకి చెల్లెలు. నిజం చెప్పాలంటే పిన్ని వంక మాత్రమే. స్కూలు మీదుగా వెళ్తే ఆదిలక్ష్మిగారు పిలుస్తుందని, "అద్భుతంగా ఉన్నాయండీ" అంటుందని ఆశ. వెళ్ళేసరికి వరండాలో ఎవరూ లేరు. కూలిన ఇల్లు చూసుకోవడానికి వెళ్ళారట. జయమ్మ ఉసూరుమంటూ కాలవగట్టు ఎక్కింది.

పట్టా కింద మరిడమ్మ ఇటిక మీద కూర్చుని ఉంది. చుట్టూ పేట పిల్లలు, కొత్తబట్టలేమీ లేకపోయినా తలకి నూనె రాసి దువ్వి ఉన్నారు. అందరి చేతుల్లోనూ బిస్కెట్లు. బిస్కెట్ల మీద మట్ట చారలు.

"రా అమ్మా జయా, సమయానికొచ్చేవు" మరిడమ్మ మొహం వెలిగిపోతోంది. "ఆదిలచ్చింగారిచ్చేరే. నిన్న పొద్దుగూకేముందు ఆరి ఇంటికాడ రాళ్ళేరడానికెళ్ళేం. కొంగు పట్టవే మరిడీ అన్నారు. పట్టేను. డబ్బాడికి డబ్బా పైనుంచి పోసేసేరు. ఒక్కటన్నా నేల మీద పడనిచ్చేరేమో చూడు! తీసుకెళ్ళి మీ పిల్లలకి పెట్టు, రేపు మీ పండగంట కదా అన్నారు. మన పండగ ఆరికి గుర్తుందే!"

జయమ్మ నిలబడే ఉంది. కూర్చోమని మరిడమ్మ గోనె పరిచింది. కూర్చుంది.

"మీ గుడి ఆడోళ్ళు కూడా వొచ్చేరు మొన్న. పాపం, దుప్పట్లిచ్చేరు. పండక్కి బిస్కట్లు తేలేదాండీ అని ఈ పిల్లలడిగేరు. నేనే కసిరేను. తుఫానేడు, ఎవరి దగ్గర మాత్రం ఏవుంటాయి? ఆదిలచ్చింగారికి మాత్రం ఏవుంది చెప్పు? ఇల్లు పోయిందా, గాదె పోయిందా, వరండాలో పడుకుంటన్నారు. అంతలోనూ మనకోసం కూకుని ఎంత ఓపిగ్గా చేసేరో చూడు. మట్ట బొమ్మేసేరు, చూసేవా? ఆరి చేతి పని. కామందులంటే కామందులే."

ఇవి నేను చేశాను పిన్నీ. ఆ మాట జయమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. అంటే మరిడమ్మ నమ్ముతుంది. నమ్మాక ఒక్కటే అడుగుతుంది. మరి ముందు ఇక్కడికెందుకు తేలేదే, అక్కడికెందుకు పట్టుకెళ్ళేవు? కోపంగా అడగదు. తెలియక అడుగుతుంది. ఈ పిల్లలంతా నములుతూ జవాబు కోసం చూస్తారు. ఆదిలక్ష్మిగారి మీద కోపం తెచ్చుకుందామన్నా వీలు కాలేదు. ఆవిడ కొత్తగా మారిందేమీ లేదు, ఎప్పుడూ ఉన్నట్టే ఉంది. ఏది పెట్టినా తింటారన్నది మాత్రం తనే.

"నువ్వూ ఒకటి తిను" మరిడమ్మ బిస్కెట్టు తెచ్చి స్వయంగా జయమ్మ నోటికి అందించింది. వద్దనబోయి, వద్దనడం ఎలా ఉంటుందో తెలిసిన మనిషి కనక నోరు తెరిచింది. కరకరలాడింది. తరవాత వెన్నలా కరిగింది. నిజంగానే చాలా బాగా కుదిరాయి.

"ఎలాగున్నాది?"

"బాగుంది."

"మరి! గుడ్డు లేదంట, పాలు లేవంట, ఉట్టి కొబ్బరంట. ఆరి పాలేరు చెప్పేడు." మరిడమ్మ ఒళ్ళో మిగిలిన పలుకులు కూడా ఏరి చిన్నపిల్ల చేతిలో పోసింది. "వొచ్చే ఏడు నువ్వూ ఇలాటివి చెయ్యమ్మా జయా, మన పిల్లలకి. నీకు రాకపోతే ఏవుంది, చదువుకున్నదానివి, ఆవిణ్ణి అడుగు. నీ మీద ఆవిడికి ఎంత గౌరవం! టీచరుగారండీ అంటారు. అడిగితే ఎలా చెయ్యాలో చెబుతారు."

"అడుగుతాను పిన్నీ" అంది జయమ్మ.